అరువు సారథి: తాత్కాలిక మార్కెటింగ్ అధిపతిని ఎప్పుడు పెట్టుకోవాలి, ఏం అప్పగించాలి

వ్యాపారం ఒక స్థాయి దాటాక యజమానుల నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది: “మార్కెటింగ్ చూసుకోవడానికి అనుభవమున్న మనిషి ఒకరు కావాలి.” వినడానికి ఒక్క కోరికే. విప్పి చూస్తే నాలుగైదు కోరికలు చిక్కుపడి కనిపిస్తాయి. ప్రకటనలకు పోస్తున్న డబ్బు ఎటు పోతోందో చెప్పేవారు కావాలి. ఇద్దరు ముగ్గురితో నడుస్తున్న చిన్న బృందానికి పెద్దదిక్కు కావాలి. సేల్స్ వాళ్లకూ మార్కెటింగ్ వాళ్లకూ మధ్య తెగని తగువు తీర్చేవారు కావాలి. పెట్టుబడిదారుల ఎదుట కూర్చుని లెక్క చెప్పగలిగేవారు కావాలి. పైకి చెప్పనిది మరొకటి ఉంటుంది: ఇన్నాళ్లూ తానొక్కడే మోసిన బరువును ఎవరైనా కాస్త అందుకోవాలి.

ఈ చిక్కుముడికి చాలామంది వెతుక్కుంటున్న దారి తాత్కాలిక నియామకం. పూర్తికాలపు సీఎంఓను, అంటే చీఫ్ మార్కెటింగ్ ఆఫీసర్‌ను తెచ్చుకునే స్తోమత ఇంకా రాలేదు, లేదా ఎలాంటివారు కావాలో ఇంకా తేలలేదు. అందాకా బాగా పండిన మనిషిని కొన్ని నెలలకో, వారానికి ఒకటి రెండు రోజులకో పెట్టుకుందామన్నది ఆలోచన. ఆలోచన మంచిదే, ఆచరణలోనే చెడుతుంది. తక్కువ ఖర్చులో పెద్ద ఉద్యోగి దొరికాడనుకుని పోస్టర్లు, వెబ్‌సైటు, వార్తాలేఖ, ప్రదర్శనలో స్టాలు, అన్నీ ఆయన నెత్తినో ఆమె నెత్తినో పెడతారు. ఇక్కడ అరువు తెచ్చుకుంటున్నది నిర్ణయం తీసుకునే బాధ్యతను. పనిచేసే చేతులను తెచ్చుకోవడానికి ఇంతకంటే చవకైన దారులు బోలెడున్నాయి.

పేర్లు నాలుగు, పనులు వేరు

ముందు పేర్ల గందరగోళం తీర్చుకుందాం. ఇంటరిమ్ అధిపతి అంటే రోజూ ఆఫీసుకు వచ్చి, ఉన్న కుర్చీలో పూర్తిస్థాయిలో కూర్చునే మనిషి. గడువు మాత్రం కొన్ని నెలలే. పాత అధిపతి హఠాత్తుగా వెళ్లిపోయినప్పుడు, రెండు సంస్థలు విలీనమైనప్పుడు, కొత్త మార్కెట్లోకి దిగుతున్నప్పుడు వీరి అవసరం పడుతుంది. ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. 1970ల్లో నెదర్లాండ్స్‌లో ఒక వృత్తిగా రూపుదిద్దుకుంది. శాశ్వత ఉద్యోగులను తొలగించడం అక్కడి చట్టాల ప్రకారం కష్టంగానూ ఖర్చుతోనూ కూడిన పని కావడంతో, గడువుకు వచ్చి గడువుకు వెళ్లిపోయే అధికారులకు గిరాకీ పెరిగింది.

ఫ్రాక్షనల్ అధిపతి వేరు. వారానికి ఒకటో రెండో రోజులు వస్తారు, ఏడాదో అంతకంటే ఎక్కువో ఉంటారు, అదే సమయంలో మరో రెండు మూడు సంస్థలకూ పనిచేస్తుంటారు. కన్సల్టెంట్ పరిశీలించి, నివేదిక ఇచ్చి, సలహా చెప్పి సెలవు తీసుకుంటారు. సలహా వికటిస్తే జవాబుదారీ వారు కాదు. ఇక ఏజెన్సీ చేసిపెట్టే చోటు: ప్రకటన రాస్తుంది, నడుపుతుంది, బిల్లు పంపుతుంది.

ఈ నాలుగింటిలో మొదటి రెంటికీ, చివరి రెంటికీ మధ్య గీత ఒకటుంది. బడ్జెట్లో కోత పెట్టే అధికారం, తప్పు జరిగితే నిలబడి జవాబు చెప్పే బాధ్యత మొదటి ఇద్దరివే. ఏజెన్సీ విషయంలో ఇది మరీ ముఖ్యం. చాలా ఏజెన్సీలకు రుసుము ప్రకటనల ఖర్చులో ఇంత శాతమని నిర్ణయిస్తారు. అలాంటి ఏజెన్సీని “ఈ ఖర్చు సగానికి తగ్గిద్దామా?” అని అడగడమంటే, వాళ్ల ఆదాయం సగానికి తగ్గించుకోమని అడగడమే. ఆ ప్రశ్న వేయడానికి బల్లకు ఇటువైపు ఒక మనిషి ఉండాలి.

ఆ కుర్చీ నిజంగా కావాలా?

తాత్కాలికం అనగానే చాలామందికి లోలోపల చిన్నచూపు. నిలకడగా ఉండేవాళ్లే మేలని అనిపిస్తుంది. కానీ నియామకాల సంస్థ స్పెన్సర్ స్టువర్ట్ 2004లో అమెరికాలోని 100 ప్రముఖ బ్రాండ్ల సంస్థలను పరిశీలిస్తే, మార్కెటింగ్ అధిపతులు ఆ పదవిలో సగటున ఉన్నది రెండేళ్ల కంటే తక్కువే, సుమారు 23 నెలలు. తర్వాతి ఏళ్లలో ఆ సగటు నాలుగేళ్ల దాకా పెరిగింది కానీ, ఉన్నత పదవుల్లో ఇది ఇప్పటికీ జారుడు మెట్టే. కోకా-కోలా అంతటి సంస్థే 2017లో సీఎంఓ పదవిని ఎత్తేసి, 2019లో మళ్లీ తెచ్చుకుంది. అంటే ఆ కుర్చీ ఉండాలా వద్దా, ఉంటే ఎంత పెద్దదిగా ఉండాలి అన్న ప్రశ్నకు మహా సంస్థల దగ్గరే స్థిరమైన జవాబు లేదు. ఎదుగుతున్న చిన్న సంస్థ తేల్చుకోలేకపోతే ఆశ్చర్యమేముంది?

అందుకే తాత్కాలిక నియామకానికి నేను ఇచ్చే మొదటి మార్కు చవకతనానికి కాదు. ఎలాంటి మనిషి కావాలో తెలియని దశలో తప్పు మనిషికి శాశ్వతంగా కట్టుబడకుండా అది కాపాడుతుంది. రోజువారీ లెక్కన చూస్తే తాత్కాలికుల రుసుము జీతం కంటే ఎక్కువే ఉంటుంది. కానీ శాశ్వత నియామకానికి జీతం ఒక్కటే ఖర్చు కాదు: నియామక సంస్థ కమీషన్, బోనస్, వాటాలు, పాత ఉద్యోగం వదిలి రావడానికి పట్టే నోటీసు కాలం, పొసగకపోతే సాగనంపే ఖర్చు. వీటన్నిటికంటే పెద్దది, పొసగలేదని తెలుసుకోవడానికి పోయిన ఏడాది.

అయితే ఎప్పుడు? నా దృష్టిలో స్పష్టమైన గుర్తు ఒకటే: నిర్ణయాలు పేరుకుపోవడం. తొలి కొనుగోలుదారులంతా యజమాని పరిచయాల ద్వారా వచ్చారు, ఆ బావి ఎండుతోంది. ఎవరికి అమ్మాలో తేలక మూడు రకాల కొనుగోలుదారులకు మూడు రకాల మాటలు చెబుతున్నారు. ధర పెంచాలా వద్దా అన్న చర్చ ఆరు నెలలుగా నడుస్తోంది. బృందం మాత్రం రోజూ ఏదో ఒకటి పోస్టు చేస్తూనే ఉంది. పని జరుగుతూ నిర్ణయం జరగని చోట అనుభవమున్న మనిషికి విలువ ఉంటుంది. నిర్ణయాలు స్పష్టంగా ఉండి పని జరగడం లేదంటే, కావలసింది మరో ఇద్దరు ఉద్యోగులు.

పెట్టుకోకూడని సందర్భం కూడా చెప్పాలి, ఎందుకంటే తాత్కాలిక అధిపతులు తమంతట తాముగా చెప్పరు. సరుకు జనానికి అవసరమో కాదో ఇంకా తెలియని దశలో ఎంతటివారొచ్చినా బూడిదలో పోసిన పన్నీరే. షాన్ ఎలిస్ అనే అమెరికన్ మార్కెటర్ దీనికి ఒక తేలిక పరీక్ష పెట్టారు. వాడుతున్నవాళ్లను ఒకే ప్రశ్న అడగాలి: రేపటి నుంచి ఇది దొరకదంటే మీకు ఎలా అనిపిస్తుంది? “చాలా నిరాశ పడతాను” అన్నవాళ్లు కనీసం 40 శాతం ఉంటే ప్రచారం మీద డబ్బు పెట్టవచ్చు, లేకపోతే ముందు సరుకును సరిదిద్దుకోవాలి. 40 అన్నది శాస్త్రం తేల్చిన అంకె కాదు, ఎన్నో సంస్థల ఫలితాలు పోల్చి చూసి ఆయన గీసుకున్న గీత. కానీ ఆ ప్రశ్న అడగని యజమానికంటే అడిగిన యజమాని ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉంటాడు.

ఈ ఎలిస్ మన కథకు మరోలా కూడా సంబంధించినవారే. కొత్త సంస్థల్లో కొద్ది నెలల పాటు తాత్కాలిక మార్కెటింగ్ అధిపతిగా చేరి, దారి కుదరగానే మరోచోటికి వెళ్లడం ఆయన వృత్తిగా ఉండేది. ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచుకునే సేవ డ్రాప్‌బాక్స్‌కు తొలి రోజుల్లో మార్కెటింగ్ చూసింది ఆయనే. ఆ సంస్థ అనుభవం బాగా తెలిసిన కథే అయినా, అంకెలు మళ్లీ చూడదగ్గవి. 99 డాలర్ల ఖాతా ఒకటి అమ్మడానికి గూగుల్‌లో ప్రకటనల మీద 233 నుంచి 388 డాలర్ల దాకా ఖర్చయినట్టు స్థాపకుడు డ్రూ హ్యూస్టన్ తర్వాత బహిరంగంగానే చెప్పారు. స్నేహితుడిని చేర్పిస్తే ఇద్దరికీ అదనపు నిల్వ స్థలం ఇచ్చే పథకం వైపు సంస్థ మళ్లింది. 2008 సెప్టెంబరులో లక్షగా ఉన్న ఖాతాదారులు 2010 జనవరికి 40 లక్షలయ్యారు. పెరుగుదలంతా ఆ పథకం పుణ్యమే అనలేం, సరుకు బాగుండబట్టే జనం ఇంకొకరికి చెప్పారు. నాకు ఇందులో నచ్చేది ఆ పథకం కంటే, నష్టం తెస్తున్న ప్రకటనలను నష్టమని ఒప్పుకోవడం. మార్కెటింగ్‌లో ఆపేయడమే అన్నిటికంటే కష్టమైన నిర్ణయం, ఎందుకంటే ప్రతి ఖర్చు వెనకా దాన్ని మొదలుపెట్టిన మనిషి ఒకరుంటారు. పాత మొహమాటాలు లేని కొత్త మనిషికి అది కాస్త సులువు.

ఒక మధ్యాహ్నం, 400 వరుసలు

ఈ పాత్ర ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూడటానికి ఒక సన్నివేశం ఊహించుకుందాం. నెలవారీ సమావేశం. మార్కెటింగ్ మేనేజరు అంటారు: “గత నెల 400 ఎంక్వైరీలు తెచ్చాం సార్, అంతకుముందు నెలకంటే ఎక్కువ.” సేల్స్ అధిపతి ఫోను మీంచి తలెత్తకుండానే అంటారు: “అందులో పనికొచ్చినవి 22.” యజమాని ఇద్దరినీ మార్చి మార్చి చూస్తారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఈ సంభాషణ ఏడాదిగా ఇలాగే మొదలై ఇలాగే ముగుస్తోంది.

కొత్తగా వచ్చిన తాత్కాలిక అధిపతి ఆ 400 వరుసల స్ప్రెడ్‌షీట్‌ను తెర మీద పెట్టించి, ఇద్దరినీ కూర్చోబెట్టి, మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెడతారు. ఇతను ప్రాజెక్టు రిపోర్టు కోసం అడిగిన విద్యార్థి. ఈమె ఉద్యోగం కోసం రాశారు. ఇది మనకే ఏదో అమ్మాలని చూస్తున్న సంస్థ. ఇది అసలైన కొనుగోలుదారే, కానీ మనవాళ్లు తొమ్మిది రోజుల తర్వాత ఫోను చేశారు. సేల్స్ అధిపతి అక్కడ ఫోను పక్కన పెడతారు. అరవయ్యో వరుస దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఒకే మాట మీద మాట్లాడుకుంటుంటారు. సాయంత్రానికి ఒక్క పేజీ కాగితం తయారవుతుంది: ఏది ఎంక్వైరీ, ఏది కాదు, వచ్చిన ఎన్ని గంటల్లోపు ఎవరు ఫోను చేయాలి.

ఇందులో మేధావితనం ఎంతుంది? ఏమంత లేదు. మార్కెటింగ్ మేనేజరుకు ఈ ఆలోచన ఎప్పుడో వచ్చి ఉంటుంది కూడా. కానీ సేల్స్ అధిపతిని ఓ పూటంతా గదిలో కూర్చోబెట్టే హోదా ఆ మేనేజరుకు లేదు. సంస్థ డబ్బిచ్చి తెచ్చుకున్నవాటిలో తెలివితేటలు ఒక వంతైతే, ఆ హోదా రెండో వంతు.

అధికారం ఇవ్వకపోతే?

నేను చూసిన వైఫల్యాల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలయ్యాయి. యజమాని మనిషిని తెచ్చుకుంటాడు, పగ్గాలు మాత్రం వదలడు. వెబ్‌సైటులో రంగు దగ్గర నుంచి ప్రతిదీ తన దగ్గరికే రావాలంటాడు. వారానికి రెండు రోజులు వచ్చే మనిషి, ఆ రెండు రోజులూ అనుమతుల కోసం ఎదురుచూడటంతోనే గడిపేస్తే, అది సంస్థలో అత్యంత ఖరీదైన గుమాస్తా ఉద్యోగమవుతుంది.

తాత్కాలిక నాయకత్వానికి గొప్ప ఉదాహరణగా స్టీవ్ జాబ్స్‌ను చెబుతుంటారు. 1997 సెప్టెంబరులో ఆయన యాపిల్‌కు తాత్కాలిక సీఈఓగానే వచ్చారు, ఆ ‘తాత్కాలిక’ అన్న ముద్ర 2000 జనవరిలో గానీ పోలేదు. ఆ మధ్యలో కుప్పలుగా ఉన్న ఉత్పత్తులను నాలుగు గళ్లలోకి కుదించారు: సామాన్య వినియోగదారుకు, వృత్తి నిపుణులకు, ఒక్కొక్కరికి ఒక డెస్క్‌టాప్, ఒక ల్యాప్‌టాప్. ఆయన సంస్థను స్థాపించినవారు కాబట్టి మన పోలిక సగమే నిలుస్తుంది. కానీ నిలిచే సగం చాలు: పదవి తాత్కాలికమైనా, అధికారం తాత్కాలికంగా లేదు.

కాబట్టి ఒప్పందంలో రోజులూ రుసుమూ రాసుకోవడానికి ముందు రాసుకోవలసింది అధికారాల చిట్టా. ఎంత మొత్తం దాకా అడగకుండా ఖర్చు చేయవచ్చు? ఏజెన్సీని మార్చే అధికారం ఉందా? కొత్త ఉద్యోగిని తీసుకోవచ్చా? ధర గురించి మాట్లాడవచ్చా? ఈ చివరి ప్రశ్నకు చాలామంది యజమానులు తడబడతారు. 1960లో అమెరికన్ మార్కెటింగ్ ఆచార్యుడు జెరోమ్ మెకార్తీ మార్కెటింగ్‌ను నాలుగు భాగాలుగా విడదీసినప్పుడు ప్రచారం అందులో ఒకటి మాత్రమే. మిగతా మూడు సరుకు, ధర, అమ్మే చోటు. ప్రచారం ఒక్కటే అప్పగిస్తే పావు వంతు అధిపతిని పెట్టుకున్నట్టు. వారు నేరుగా యజమానికే జవాబు చెప్పాలి, సేల్స్ కింద పెడితే ఆ నెల లక్ష్యం తప్ప మరేదీ కనిపించదు.

మిగతావి వకీలు చూసుకుంటారు, అందుకని క్లుప్తంగా: పోటీ సంస్థకు ఏకకాలంలో పనిచేయకూడదన్న షరతు, ఇరువైపులా నోటీసు గడువు, రాసిన ప్రణాళికల మీద హక్కు సంస్థదేనన్న మాట, శాశ్వతంగా చేరదలిస్తే ఏ షరతులపై అన్నది. ఇంకా, ఆ మనిషి చట్టం దృష్టిలో స్వతంత్ర నిపుణుడా, మారువేషంలోని ఉద్యోగా అన్నది ఏ దేశమైతే ఆ దేశపు నిబంధనల ప్రకారం తేల్చుకోవాలి. బ్రిటన్‌లో ఐఆర్35 పేరిట 2000 నుంచీ దీనికి పన్ను నిబంధనలున్నాయి. అక్కడ 2021 ఏప్రిల్ నుంచి ప్రైవేటు రంగంలోని మధ్యతరహా, పెద్ద సంస్థలే ఆ సంగతి తేల్చాలి.

ఎంపికలో ఒక చిట్కా మాత్రం విడిగా చెబుతాను. పాత క్లయింట్లకు ఫోను చేసేటప్పుడు ప్రస్తుతం పనిచేస్తున్న చోటుకు చేయకండి. ఆ మనిషి వెళ్లిపోయి ఏడాదైన చోటుకు చేయండి. “ఆయన పెట్టి వెళ్లినవాటిలో ఇప్పటికీ నడుస్తున్నదేమిటి?” అని అడగండి. జవాబుకు ముందు వచ్చే మౌనం నిడివే సగం చెబుతుంది. అభ్యర్థిని అడగవలసింది కూడా ఏం సాధించారని కాదు, ఏం ఆపించారని. వందమంది బృందాన్నీ భారీ బడ్జెట్‌నూ చూసిన మహా సంస్థల వారు ముగ్గురున్న చోట తేలిపోవడం నేనెరుగుదును. వాళ్లకు తెలియక కాదు, ఆదేశిస్తే జరిగిపోయే వాతావరణానికి అలవాటుపడటం వల్ల.

దేనితో కొలవాలి?

ఇక్కడ ఓ చిన్న గణితం తప్పదు. మీ సరుకు మొదటి పరిచయం నుంచి సంతకం దాకా రావడానికి తొమ్మిది నెలలు పడుతుందనుకోండి. మీరు తెచ్చుకున్న మనిషి గడువు ఆరు నెలలు. ఆయన పనితీరును అమ్మకాలతో కొలుస్తామంటే, కొలుస్తున్నది ఆయన రాకముందు జరిగిన పనిని. అయినా అలాంటి షరతులే తరచుగా కనిపిస్తాయి. ఎంక్వైరీల సంఖ్యకు బోనస్ ముడిపెట్టడం అంతకంటే ప్రమాదం. పైన చెప్పిన 400, మూడు నెలల్లో 1,200 అవుతుంది. పనికొచ్చేవి మాత్రం 22 దగ్గరే ఉంటాయి.

గడువు తక్కువున్న మనిషికి సహజంగా ఒక మొగ్గు కూడా ఉంటుంది: వెంటనే కంటికి కనిపించే పని. డిస్కౌంటు, కొనడానికి ఎలాగూ సిద్ధంగా ఉన్నవాళ్లకు ప్రకటనలు, కొత్త లోగో. బ్రిటన్ ప్రకటన సంస్థల సంఘం ఐపీఏ దగ్గరున్న ప్రచారాల సమాచారాన్ని విశ్లేషించి 2013లో మార్కెటింగ్ నిపుణులు లెస్ బినే, పీటర్ ఫీల్డ్ ఒక నిష్పత్తి చెప్పారు: సగటున 60 శాతం పేరు నిలబెట్టే దీర్ఘకాలిక పనికి, 40 శాతం వెంటనే అమ్మించే పనికి వెళ్తే ఫలితం మెరుగ్గా ఉంటుందని. అది ప్రతి సంస్థకూ అతికే కొలత కాదు, రంగాన్ని బట్టీ దశను బట్టీ మారుతుంది. కానీ ఆరు నెలల మనిషి చేతిలో ఆ 60 సున్నా అయ్యే ముప్పు ఎప్పుడూ ఉంటుంది. అడ్డుకోవలసింది యజమానే.

మరి కొలవదగ్గవి ఏమిటి? మొదటి నెలలో ఎంతమంది కొనుగోలుదారులతో స్వయంగా మాట్లాడారు, అందులో మనల్ని వదిలి వెళ్లినవాళ్లు ఎందరు. ఎవరికి అమ్ముతున్నామో ఒక్క వాక్యంలో సేల్స్, మార్కెటింగ్ ఒకేలా చెప్పగలుగుతున్నాయా. ఏయే ఖర్చులు ఆగాయి. కింది బృందంలో ఎవరు ఎదిగారు.

ఈ చివరిది చాలామందికి తట్టదు. కొత్త అధిపతి వస్తున్నారని తెలిసిన రోజు, అప్పటిదాకా అన్నీ చూసుకున్న మేనేజరు మనసులో ఏం మెదులుతుంది? నా పని బాగాలేదనే కదా. యజమాని ముందుగా పిలిచి, “మీ మీద నమ్మకం లేక కాదండీ, మీకు నేర్పగలిగేవారు ఇక్కడ ఎవరూ లేరు, నాతో సహా” అని చెప్పగలిగితే ఆ ఆరు నెలలూ ఒకలా సాగుతాయి. ఈమెయిలులో అందరితోపాటు తెలిస్తే మరోలా సాగుతాయి, సాధారణంగా నాలుగో నెలలో రాజీనామా లేఖతో.

వెళ్లిపోయే రోజు

మళ్లీ షాన్ ఎలిస్ దగ్గరికి. తాను పనిచేసిన సంస్థలను వదిలి వెళ్లేటప్పుడు తన స్థానంలోకి మనిషిని వెతకడం ఆయనకు తలనొప్పిగా మారింది. వచ్చిన దరఖాస్తులన్నీ ఘనమైనవే, కానీ పెద్ద బడ్జెట్లు, పెద్ద బృందాలు నడిపినవారివి. ఆ దశకు కావలసిన మనిషి వేరు. ఆ తేడాను చెప్పడానికే ఆయన 2010లో ‘గ్రోత్ హ్యాకర్’, అంటే ఎదుగుదల ఒక్కటే లక్ష్యంగా పనిచేసే మనిషి, అన్న కొత్త పేరు కల్పించి రాశారు. తర్వాత ఆ మాటను ప్రపంచమంతా ఎక్కడపడితే అక్కడ వాడి అరగదీసింది. పుట్టింది మాత్రం ఒక తాత్కాలిక అధిపతి వారసుడి కోసం పడిన వెతుకులాటలోంచి. ఆ వెతుకులాటను చివరి నెలకు వదిలేస్తే ఒప్పందం పొడిగించడం తప్ప మరో దారి ఉండదు. రెండో పొడిగింపుతో అది శాశ్వత ఉద్యోగమే, తాత్కాలికపు ధరకు. గడువులో సగం గడిచేసరికి వారసుడికి కావలసిన లక్షణాల జాబితా కాగితం మీద ఉండాలి. దాన్ని రాయవలసింది ఆ తాత్కాలిక అధిపతే, ఎందుకంటే అసలు పని ఏమిటో ఇప్పుడు వారికే తెలుసు.

తాళాల సంగతి కూడా అప్పుడే. ఒక సంస్థలో ప్రకటనల ఖాతా మొత్తం వెళ్లిపోయిన మనిషి సొంత ఈమెయిలు మీద తెరిచి ఉండటం చూశాను. దురుద్దేశమేమీ లేదు, తొందరలో అలా చేశారు, అంతే. మూడేళ్ల ప్రకటనల చరిత్రను తిరిగి చేతికి తెచ్చుకోవడానికి ఆరు వారాలు పట్టింది. ఖాతాలు, వెబ్‌సైటు డొమైను, కొనుగోలుదారుల జాబితా, డిజైన్ ఫైళ్లు మొదటి రోజు నుంచే సంస్థ పేరు మీద ఉండాలి. చివరి వారంలో అడిగితే ఎవరో ఒకరు సెలవులో ఉంటారు.

బాధ్యతలు చేతులు మారాయో లేదో తెలుసుకోవడానికి చివరి నెల సమావేశం ఒకటి చాలు. కొత్తగా చేరిన వ్యక్తో, ఎదిగిన పాత మేనేజరో దాన్ని నడుపుతారు. తాత్కాలిక అధిపతి గదిలోనే ఉంటారు, వెనక వరుసలో, నోరు మెదపకుండా. సేల్స్ అధిపతి ఒక చిక్కు ప్రశ్న వేస్తారు. అప్పుడు గదిలోని కళ్లన్నీ ఎటు తిరుగుతాయో చూడాలి. అందులోనూ యజమాని కళ్లు.